కళింగ స్టేడియంలో మొరాకో మ్యాచ్‌కు మా బడి ఆడపిల్లలతో: నా అనుభవం

2022 అక్టోబరు 14వ తేదీ శుక్రవారం నాడు భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో అండర్-17 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు చూపించడానికి మా ఉన్నత పాఠశాల ఆడపిల్లలను పద్నాలుగుమందిని తీసుకువెళ్లి, మరునాడు క్షేమంగా ఎవరిళ్లకు వాళ్లను చేర్చాను. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో పీఈటీగా (వ్యాయామ ఉపాధ్యాయురాలిగా) పనిచేస్తున్నాను. తిరిగొచ్చినప్పటి నుంచి చుట్టుపక్కల మండలాల తోటి పీఈటీలు ఫోన్ చేసి ఎలా వెళ్లారు, ఎంతయింది, అనుమతి ఎవరిచ్చారు, రాత్రి పూట పిల్లలతో ఎలా నెగ్గుకొచ్చారు అని అడుగుతున్నారు కనుక, జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను.

ఆలోచన జూన్‌లోనే పుట్టింది. జూన్ 24న జూరిక్‌లో డ్రా తీసినప్పుడు మన జట్టుకు అమెరికా, మొరాకో, బ్రెజిల్ తగిలాయి. మన మ్యాచ్‌లు మూడూ భువనేశ్వర్‌లోనే అని చదవగానే నాకు మనసు ఆగలేదు. కంచిలిలో ఉన్న మా స్టేషన్ నుంచి (బోర్డు మీద మాత్రం సోంపేట అని ఉంటుంది) భువనేశ్వర్‌కు ఎక్స్‌ప్రెస్ బండిలో ఒక పూట ప్రయాణం కూడా కాదు. మాకు విజయవాడ కంటే అదే దగ్గర. ఆతిథ్య దేశం కావడం వల్ల భారత్‌కు నేరుగా చోటు దొరికింది గానీ, మన దేశపు ఆడపిల్లల జట్టు ఏదైనా ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ) ప్రపంచ కప్‌లో ఆడటం ఇదే మొదటిసారి. అది ఇంటి పక్కన జరుగుతుంటే ఫోన్‌లో చూసి ఊరుకోవడం నాకు నచ్చలేదు.

మా బడిలో ఫుట్‌బాల్ పాత ఆట కాదు. కబడ్డీ, ఖోఖో ఎప్పటినుంచో ఉన్నాయి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు మైదానం అంచున ఉన్న జీడిచెట్లు కూలిపోయి, ఆ మేర ఖాళీ జాగా పెరిగాక, రెండు వెదురుబొంగులు పాతి గోల్ పోస్టులు చేసుకున్నాం. అక్కడి నుంచి ఆడపిల్లలు ఎక్కువగా వచ్చారు, మగపిల్లలు క్రికెట్ వదల్లేదు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న మా గోల్‌కీపర్ 2007లో పుట్టింది. ఈ ప్రపంచ కప్‌కు 2005 జనవరి 1 నుంచి 2007 చివరి లోపు పుట్టినవాళ్లు అర్హులు. అంటే వయసు లెక్కన చూస్తే మా పిల్ల కూడా ఆ పోటీకి తగినదే. ఈ సంగతి జూలై 5న బడి తెరిచాక నేనే చెప్పాను. ఆ పిల్ల రెండు మూడు రోజులు ఏమీ మాట్లాడలేదు, ఆ తరువాత మొదటి ప్రశ్నగా "మేడమ్, ఆ అక్కల ఎత్తు ఎంతుంటుంది?" అని అడిగింది.

మొదటి పని అనుమతి. మా ప్రధానోపాధ్యాయురాలు ఒప్పుకున్నారు గానీ, పై కార్యాలయం నుంచి కాగితం ఉంటేనే రాష్ట్రం దాటించాలన్నారు. ఆమె మాటలో న్యాయం ఉంది, పిల్లలకు ఏదైనా అయితే జవాబు చెప్పవలసింది ఆమె. జూలై మూడో వారంలో దరఖాస్తు ఇచ్చాం. ఇలాంటి పర్యటనకు మార్గదర్శకాలేవీ లేవని రాసి, నెల దాటాక దాన్ని తిప్పి పంపారు. కుదరదని రాయలేదు, కుదురుతుందనీ రాయలేదు. చివరికి మేము చేసినదేమిటంటే, దీన్ని బడి విహారయాత్రగా కాకుండా, తల్లిదండ్రులు తమ ఇష్టపూర్వకంగా పంపుతున్న ప్రయాణంగా మార్చుకున్నాం. ప్రతి ఇంటి నుంచి తల్లీ తండ్రీ ఇద్దరి సంతకాలతో సమ్మతి పత్రం, ఆధార్ నకలు, ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకున్నాను. నేనూ, నాతో వచ్చిన లెక్కల టీచరూ సాధారణ సెలవు పెట్టుకున్నాం. మీరు ఇదే పని చేయదలచుకుంటే తండ్రి సంతకం ఒక్కటే తీసుకుని సరిపెట్టుకోకండి. మా ఉద్దానంలో చాలామంది తండ్రులు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, ఆ సంతకాలు వాట్సాప్‌లో ఫొటోలుగా రావడానికే రెండు వారాలు పట్టింది.

ఈ లోపల ఆగస్టు 16 ఉదయం మా ఆశలన్నీ ఒక్కసారిగా కూలాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేసిందని, అనుకున్న ప్రకారం మన దేశంలో ప్రపంచ కప్ జరపలేమని వార్త. సమాఖ్య వ్యవహారాలు చూడటానికి సుప్రీంకోర్టు ఒక పాలకుల కమిటీని వేసింది, బయటివాళ్ల జోక్యాన్ని ఫిఫా ఒప్పుకోలేదు. పెద్దల తగవు అది. కానీ దాని దెబ్బ పడింది జంషెడ్‌పూర్ శిబిరంలో నెలల తరబడి ఊళ్లు వదిలి సాధన చేస్తున్న పదిహేను, పదహారేళ్ల పిల్లల మీద. ఇదే పోటీ మొదట 2020లో మన దేశంలో జరగవలసింది, కోవిడ్ వల్ల ముందు వాయిదా పడి, తరువాత రద్దయింది. అప్పుడు జట్టులో చోటు కోసం కష్టపడినవాళ్లలో చాలామంది ఇప్పటికి వయసు దాటిపోయారు. ఇంకో జట్టుకు కూడా అదే గతి పడుతుందా అనిపించి నాకు కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. మా పిల్లలకు ఈ కోర్టులూ కమిటీలూ అర్థం కాలేదు. "మనవాళ్లు ఏం తప్పు చేశారు మేడమ్?" అని అడిగితే, ఆడేవాళ్లు ఏమీ చేయలేదని మాత్రం చెప్పగలిగాను.

సస్పెన్షన్ ఆగస్టు 26న ఎత్తేశారు. మధ్యలో గడిచిన ఆ రోజుల్లో మేము ఎవరి దగ్గరా పైసా వసూలు చేయలేదు, అది మేలే అయింది. లేకపోతే తిరిగి ఇచ్చే లెక్క ఒకటి తలకు చుట్టుకునేది.

సెప్టెంబరు మొదటి వారంలో టికెట్లు తీశాం. ఏ మ్యాచ్‌కు వెళ్లాలన్న దానిమీద పిల్లలు రెండుగా చీలిపోయారు. 11న మంగళవారం అమెరికాతో, 14న శుక్రవారం మొరాకోతో, 17న సోమవారం బ్రెజిల్‌తో మన ఆట. మూడూ రాత్రి 8 గంటలకే. బ్రెజిల్ అని కొందరు పట్టుబట్టారు. నేను శుక్రవారమే ఖాయం చేశాను. మర్నాడు ఒక్క పూట బడి పోయినా ఆ వెంటనే ఆదివారం ఉంటుంది, పైగా ఆ రోజు సాయంత్రం 4:30కు అదే మైదానంలో బ్రెజిల్, అమెరికా తలపడుతున్నాయి. బ్రెజిల్‌నూ చూసినట్టవుతుంది, మన జట్టునూ చూసినట్టవుతుంది. ఇంకొక లెక్క కూడా నా మనసులో ఉంది. మొరాకో కూడా మనలాగే ఈ పోటీకి తొలిసారి వస్తున్న జట్టు. మనవాళ్లు గెలిచే అవకాశమంటూ ఉంటే ఈ మ్యాచ్‌లోనే ఉంటుందనుకున్నాను.

టికెట్ల ఖర్చు అందరూ భయపెట్టినంత లేదు, మొత్తం ఖర్చులో అది చిన్న భాగమే. డబ్బంతా రైలుకు, బసకు, తిండికి పోయింది. పదహారుమందికి రానూ పోనూ రిజర్వేషన్, ఒక రాత్రి డార్మిటరీ, భోజనాలు, ఆటోలు, పిల్లలకు నీలం టీషర్టులు అన్నీ కలిపి 18 వేల పైచిలుకు అయింది. పిల్లల నుంచి తలకు 300 చొప్పున తీసుకున్నాం. కువైట్‌లో పనిచేస్తున్న మా బడి పూర్వ విద్యార్థులు 8 వేలు పంపారు. మిగిలింది నేనూ లెక్కల టీచరూ సర్దుకున్నాం. రైలు టికెట్లకు ఒకే పీఎన్ఆర్ మీద ఆరుగురికి మించి కుదరదు కనుక మూడు ముక్కలుగా తీయవలసి వచ్చింది, బోగీలు వేరువేరు పడ్డాయి. పిల్లలతో వెళ్లేవారు ఇది ముందే లెక్కలో పెట్టుకుని, ప్రతి ముక్కలోనూ ఒక పెద్దమనిషి ఉండేలా చూసుకోవాలి. మేమిద్దరమే పెద్దవాళ్లం కావడంతో మూడో బోగీ బాధ్యతను పదో తరగతి గోల్‌కీపర్‌కు అప్పగించి, ప్రతి స్టేషన్‌లోనూ దిగి చూసుకుంటూ వెళ్లాను.

అన్నీ సిద్ధమయ్యాక 11వ తేదీ రాత్రి వచ్చింది. హాస్టల్ పిల్లలు వార్డెన్ గదిలో, మిగతావాళ్లు ఇళ్లలో ఫోన్ల ముందు కూర్చున్నారు. తొమ్మిదో నిమిషంలో మొదటి గోల్ పడింది. విరామానికి 5–0. ఆట అయ్యేసరికి 8–0. ఎనిమిదో గోల్ చేసిన మియా భూటా తండ్రి వైపు భారతీయ మూలాలున్న అమ్మాయి అని వ్యాఖ్యాత చెబుతుంటే, మా పిల్లల్లో ఒకతె "మరి మన టీములో ఎందుకు లేదు?" అని అడగడం, ఎవరూ నవ్వకపోవడం నాకు ఇంకా గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే బడి గేటు దగ్గర ఒక తండ్రి నిలబడి ఉన్నాడు. కొబ్బరికాయల వ్యాపారం చేసే మనిషి, మాట కఠినంగా ఉండదు. "ఏటమ్మా, ఎనిమిది గోల్సు ఏసేసినారంట గదా, అంత దూరమెల్లి పిల్లలేటి సూస్తారు? ఓడిపోడం సూడ్డానికి మూడొందలా?" అన్నాడు. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు తల్లులు అదే మాట ఫోన్‌లో అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఓటమి చూడటం మంచిదే అంటూ ఉపన్యాసం ఇవ్వాలనిపించలేదు, నిజానికి నేనూ రాత్రంతా నిద్రపోలేదు. చివరికి పిల్లలనే అడిగాను, రానివాళ్ల డబ్బు తిరిగి ఇచ్చేస్తానన్నాను. ఒక్కరూ తప్పుకోలేదు. ఆ తండ్రి కూతురైతే, "మనం ఎల్లకపోతే ఆ అక్కలకి సప్పట్లు ఎవులు కొడతారు?" అంది. ఆ మాట తండ్రికి చేరవేశాను. శుక్రవారం తెల్లారి స్టేషన్‌కు పిల్లను దింపడానికి ఆయనే వచ్చి, బుట్టెడు పనసకాయ చిప్స్ ఇచ్చి వెళ్లాడు.

ప్రయాణం సాఫీగా సాగింది. బరంపురం దాటాక చిలికా సరస్సు పట్టాల పక్కకే వచ్చినప్పుడు పిల్లలంతా ఒక వైపు కిటికీలకు అతుక్కుపోయారు. చిన్న పిల్లలకు అదే ప్రపంచ కప్ కంటే ఎక్కువ నచ్చిందని నా అనుమానం. భువనేశ్వర్‌లో దిగాక మాకు అనుకోని సాయం మాతోనే వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల వల్ల దొరికింది. వాళ్లింట్లో ఒడియా మాట్లాడతారు, ఇచ్ఛాపురం వైపు అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. బడిలో తెలుగు ఉచ్చారణ సరిగా రాదని తోటివాళ్లు ఆటపట్టించే ఆ పిల్ల, స్టేషన్ బయట మో బస్ అనే సిటీ బస్సు కండక్టరుతోనూ ఆటోవాళ్లతోనూ బేరాలాడి మమ్మల్నందరినీ నడిపించింది. డార్మిటరీ కూడా ఆమె మేనమామగారు చూసిపెట్టిందే. అక్కడ సామాను పడేసి, పప్పన్నం తిని, మూడింటికల్లా స్టేడియం దగ్గరికి చేరుకున్నాం.

గేటు దగ్గర జరిగే తతంగం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఎవరూ ముందుగా చెప్పని సంగతులన్నీ అక్కడే ఉన్నాయి. నీళ్ల సీసాలు, స్టీలు డబ్బాలు, పవర్ బ్యాంకులు, జెండా కర్రలు, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి, ఇవేవీ లోపలికి రానివ్వలేదు. మా పిల్లలు ఇంటి నుంచి మోసుకొచ్చిన మరమరాల ఉండలు, ఆ పనసకాయ చిప్స్ అన్నీ గేటు బయట తోపుడుబండివాడి దగ్గర వదిలేయవలసి వచ్చింది. రాత్రి వచ్చేసరికి బండివాడు ఉంటాడో ఉండడో అని భయపడ్డాం, ఉన్నాడు, చిప్స్ మాత్రం సగమే ఉన్నాయి. టికెట్లన్నీ ఫోన్‌లోనే కదా, పదహారు కోడ్లు ఒకే ఫోన్‌లో ఉంటే ఒక్కొక్కటీ తెరిచి చూపించేలోపు వెనక క్యూ గొడవ మొదలవుతుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది. లెక్కల టీచరు ముందుగానే సగం తన ఫోన్‌లోకి పంపించుకుని, అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి వరస నంబర్లు వేసి ఉంచడంతో గట్టెక్కాం. తనిఖీకి ఆడవాళ్ల వరస వేరుగా ఉంది, మహిళా పోలీసులు మర్యాదగా మాట్లాడారు. లోపల నీళ్లు దొరికాయి. తినుబండారాల ధరలు చూసి మాత్రం పదహారుమందికి కొనలేక, మధ్యాహ్నం కడుపునిండా పెట్టడం మంచిదైందనుకున్నాను.

సీట్లలో కూర్చున్న కొద్దిసేపటికే బ్రెజిల్, అమెరికా జట్లు కసరత్తుకు వచ్చాయి. టీవీలో ఈ భాగం చూపించరు. నా మటుకు ఆ రోజు పిల్లలకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. బంతి గాలిలో వస్తుంటే బ్రెజిల్ అమ్మాయి పాదం కొద్దిగా వెనక్కి తీసుకుని దాన్ని ఆపిన చోట, బంతి ఆగదు. తరువాతి అడుగు ఎటు వేయాలనుకుందో అటే ఒక మూర దూరం జరిగి, ఆమె కోసం ఎదురుచూస్తున్నట్టు నిలుస్తుంది. మా పిల్లలకు ఇదే విషయాన్ని నేను ఏడాదిగా నోరు నొప్పెట్టేలా చెబుతున్నాను. మా మైదానంలో మాత్రం బంతిని ఆపడానికి ఒక పని, దాని వెనక పరిగెత్తడానికి ఇంకో పని, తన్నడానికి మూడో పని. మా గోల్‌కీపర్ అయితే అమెరికా కీపర్‌కు శిక్షకురాలు బంతులు విసురుతున్న తీరును కన్నార్పకుండా చూసింది. కింద పడ్డాక మళ్లీ లేవడానికి ఆ కీపర్ చెయ్యి ఆనించడం లేదని నాకు చూపించింది కూడా ఆ పిల్లే.

ఆ మ్యాచ్ 1–1తో ముగిసింది. మూడు రోజుల కిందట మనవాళ్ల మీద ఎనిమిది కొట్టిన అమెరికాను బ్రెజిల్ నిలువరించడం చూశాక పిల్లలకు ఒక ధైర్యం వచ్చింది. ఆ ధైర్యానికి తర్కం లేదు, అయినా నేను దాన్ని కదపలేదు. రెండు మ్యాచ్‌ల మధ్య విరామంలో మా పక్కన ఒక ఆశ్రమ పాఠశాల పిల్లలు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో కొందరు జార్ఖండ్ సరిహద్దు ఊళ్లవాళ్లు. మన జట్టులో జార్ఖండ్ నుంచే ఆరుగురు ఉన్నారు, కెప్టెన్ అస్తమ్ ఉరావ్ గుమ్లా జిల్లా పిల్ల. ఆమె ఇంటికి వేస్తున్న రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే కూలికి వెళుతున్నారని ఆ వారమే పత్రికల్లో వచ్చింది. మా పిల్లల్లో సగంమంది ఇళ్లలో ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆ వార్త వాళ్లకు నేను చదివి వినిపించినప్పుడు జాలిపడలేదు, రోజుకు ఎంత ఇస్తారట అని అడిగారు.

రాత్రి 8 గంటలకు జాతీయ గీతం మొదలైనప్పుడు నాకు గొంతు పట్టేసింది. పిల్లలు మాత్రం బడి ప్రార్థనలో ఎప్పుడూ పాడనంత గట్టిగా పాడారు. మొదటి సగం గురించి నేను ఎంత రాసినా తక్కువే. మంగళవారం నాటి జట్టేనా ఇది అనిపించింది. వెనక వరస చెదిరిపోకుండా నిలబడింది, ముందుకు వెళ్లిన ప్రతిసారీ స్టాండ్లన్నీ లేచి నిలబడ్డాయి. టీవీలో చూస్తే బంతి ఉన్నచోటే చూస్తాం. పై నుంచి చూస్తే బంతి లేనివాళ్లు ఎంత పరిగెడుతున్నారో తెలుస్తుంది. మన అమ్మాయిల పరుగులో లోటేమీ లేదు. బంతి అందాక తల ఎత్తి చూసేలోపు మొరాకో పిల్ల ఒకతె మీదికి వచ్చేస్తోంది, దాంతో కంగారుగా ముందుకు తన్నేస్తున్నారు, బంతి మళ్లీ అవతలివాళ్లకే పోతోంది. ఆ తల ఎత్తే అర క్షణం అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడితేనే అలవడుతుందని నా అభిప్రాయం. ఈ జట్టు నార్వే, ఇటలీ వెళ్లి ఆడి వచ్చింది, నిజమే. కానీ అవన్నీ ఈ ఏడాదిలోనే జరిగినవి. కోచ్ థామస్ డెన్నర్‌బీ 2011లో స్వీడన్ సీనియర్ జట్టును ప్రపంచ కప్‌లో మూడో స్థానానికి తీసుకెళ్లినవాడు. ఆయన చేతికైనా కొద్ది నెలలే దొరికాయి. మన ఊళ్లలో ఆడపిల్లలకు పదేళ్ల వయసు నుంచి ఏటా ఆడుకోవడానికి ఒక లీగ్ లేనప్పుడు, ఆ కొద్ది నెలల్లో ఎవరు మాత్రం ఏం చేయగలరు?

విరామానికి 0–0. మా పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. రెండో సగం మొదలైన అయిదు నిమిషాలకే మొరాకోకు పెనాల్టీ దొరికింది, ఎల్ మదానీ గోల్ చేసింది. స్టేడియం ఒక్కసారిగా చల్లబడింది. పది నిమిషాలు దాటాక జుహైర్ రెండో గోల్ కొట్టింది. అక్కడ నుంచి మన ఆట కాళ్లతో కాక మొండితనంతోనే సాగింది. ఆఖరి నిమిషాల్లో మూడోది పడింది. 0–3. క్వార్టర్ ఫైనల్ ఆశ అంతటితో పోయింది. మా ఎనిమిదో తరగతి పిల్ల ఏడ్చింది, పక్కన కూర్చున్న ఆశ్రమ పాఠశాల పిల్లలు ఒడియాలో ఏదో చెప్పి ఓదార్చారు. మన ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టి కృతజ్ఞత చెబుతుంటే, మాకు కొంచెం దూరంలోనే ఒకమ్మాయి చొక్కా అంచుతో మొహం తుడుచుకుంటూ వెళ్లింది. అది చెమటా కన్నీళ్లా అని మా పిల్లలు రైల్లో చాలాసేపు వాదించుకున్నారు.

ఆట అయ్యేసరికి పది కావచ్చింది. ఇక్కడ నాకొక ఫిర్యాదు ఉంది. పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల పోటీ, చూడవలసింది ముఖ్యంగా ఆ వయసు పిల్లలే. అలాంటి మ్యాచ్‌ను రాత్రి 8కి పెడితే టీవీవాళ్లకు అనుకూలం కావచ్చు గానీ, ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు చివరి బస్సూ ఉండదు, వెళ్లే దారీ తెలియదు. బయటకు వచ్చేసరికి ఆటోలు మాయమయ్యాయి, దొరికినవాడు పగటి రేటుకు మూడు రెట్లు అడిగాడు. ఇద్దరిద్దరుగా చేతులు పట్టించి వరసలో నడిపించి, ప్రతి మలుపు దగ్గరా లెక్కపెట్టుకుంటూ కొంత దూరం వచ్చాక రెండు ఆటోలు, ఆ తరువాత మరో రెండు దొరికాయి. డార్మిటరీ గేటు పదిన్నరకు వేసేస్తారని మాకు ఎవరూ చెప్పలేదు. మేనమామగారు వచ్చి మాట్లాడి తీయించేదాకా బయటే నిలబడ్డాం. ఆ రోడ్డు మీద దహీబరా ఆలూదమ్ అమ్మే ఆయన బండి కట్టేస్తున్నవాడల్లా ఆగి, మిగిలినదంతా పిల్లలకు తక్కువ ధరకు పెట్టేశాడు. పెరుగు వడల మీద కారం కూర పోసి ఇవ్వడం మా పిల్లలకు వింతగా తోచింది. మారు అడిగి తిన్నారు. బస ముందే మాట్లాడుకునేవారు గేటు ఎన్నింటికి వేస్తారో తప్పక అడగాలి, వీలైతే స్టేడియానికి నడిచి వెళ్లగలిగే చోటే చూసుకోవాలి, అద్దె కాస్త ఎక్కువైనా సరే.

శనివారం మధ్యాహ్నం దాటాక కంచిలిలో దిగాం. కొబ్బరికాయల వ్యాపారి స్టేషన్‌కు వచ్చాడు. మూడే గదా, ఎనిమిది కాదు గదా, అన్నాడు కూతురితో. ఆ పిల్ల ఇంటికి వెళ్లేదాకా ఆగకుండా మొదటి సగం ఎలా ఆడారో చెబుతూనే ఉందట.

17న బ్రెజిల్‌తో ఆటను మళ్లీ ఫోన్‌లోనే చూశాం. 0–5. ఈసారి చూసిన తీరు వేరు. మంగళవారం గోల్స్ లెక్కపెట్టిన పిల్లలే సోమవారం ఎవరు ఎక్కడ నిలబడ్డారో, బంతి రాకముందే ఎవరు వెనక్కి చూసుకున్నారో చెప్పుకుంటున్నారు. కెమెరా బంతి వెనకే పోతోందని, మిగతా మైదానం చూపించడం లేదని విసుక్కున్నారు. మూడు మ్యాచ్‌ల్లో పదహారు గోల్స్ ఇచ్చి, ఒక్కటీ చేయకుండా మన జట్టు వెనుదిరిగింది. ఈ అంకెను తేలిగ్గా తీసుకోమని నేనెవరికీ చెప్పను. పెద్దల సభల్లో ఈ అంకె మీద గట్టిగా ప్రశ్నలు అడగాలి. కానీ ఆ ప్రశ్నలు ఆ అమ్మాయిలను కాదు, వాళ్లకు పదేళ్లప్పుడు బంతి ఇవ్వనివాళ్లను అడగాలి. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి సీనియర్ భారత జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య లాంటివాళ్లు అంత ప్రతికూలతలోనూ పైకి రావడం ఆశ్చర్యమే. మరొకరు రావాలంటే ఆశ్చర్యాల మీద ఆధారపడి కూర్చోలేం.

లెక్కలు అప్పగించడం మిగిలింది. ప్రతి రసీదూ కాగితానికి అంటించి, కువైట్ పిల్లలకు ఫొటోలు పంపాను. 340 రూపాయలు మిగిలితే రెండు బంతులకు గాలి సూదులూ ఒక పంపూ కొన్నాను. మరో సంగతి, పిల్లలు ఇప్పుడు పొద్దున ప్రార్థనకు ముందే వచ్చి బడి వెనక గోడకు బంతి కొట్టి, తిరిగొచ్చే బంతిని పక్కకు తీసుకోవడం సాధన చేస్తున్నారు. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు–నేడు పథకం కింద నిరుడు వేసిన రంగు మీద గుండ్రటి మరకలు పడుతున్నాయి. ప్రధానోపాధ్యాయురాలు నిన్న నన్ను పిలిచి, తనిఖీకి వచ్చేవాళ్లకు ఏం చెప్పాలో నన్నే రాసివ్వమన్నారు. ఇంకా రాయలేదు.